తాళం తిప్పినా కారు కదలదేం?



మీ ఇంట్లోనో, మీ తాతగారి ఊళ్ళోనో పాత అంబాసిడర్ కారు ఉందా? ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసు కారును నమూనాగా తీసుకుని మన దేశంలో తయారుచేసిన కారు అది. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో దాని తయారీ ఆగిపోయింది. ఇక ఉన్నవాటిని కాపాడుకోవలసిందే.

కాని ఇటువంటి కార్లకు ఒక గండం ఉంది. ఒకనాడు తాళం తిప్పితే ఇంజను గిరగిర తిరుగుతుంది, అంటుకోదు. ఒకరు కాయిల్ మార్చమంటారు. ఇంకొకరు ప్లగ్గులు మార్చమంటారు. డబ్బు ఖర్చవుతుంది, కారు మాత్రం కదలదు. చివరకు విసుగెత్తి, దాన్ని పాత ఇనుము కింద తూకానికి అమ్మేస్తారు. తీరా చూస్తే జబ్బు అంగుళం పొడవు తీగెలో ఉండవచ్చు!

ఆ తీగెను ఎలా పట్టుకోవాలి? ముందు విద్యుత్తు నడిచే దారి తెలియాలి.

పెట్రోలు ఇంజనులో ప్లగ్గు కొన దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులే. ప్లగ్గు కొనల మధ్య సందును దాటడానికి వేల వోల్టులు కావాలి. ఇక్కడ మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సంగతి పనికివస్తుంది. తీగెచుట్ట గుండా పోయే అయస్కాంత బలం మారితే, ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. కారు కాయిల్‌లో రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి లావు తీగె, కొద్ది చుట్లు. రెండోది సన్నతీగె, వేల చుట్లు. లావు తీగెలో ప్రవాహం చటుక్కున ఆగినప్పుడు సన్నతీగెలో వేల వోల్టులు పుడతాయి.

ప్రవాహాన్ని అలా ఆపేవి డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు. అవి రెండు చిన్న లోహపు బిళ్ళలు. కలిసి ఉన్నంతసేపు ప్రవాహం సాగుతుంది, విడిపోగానే రవ్వ పుడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, అవి సెకనుకు 100 సార్లు విడిపోవాలి! ఆ రవ్వలను డిస్ట్రిబ్యూటరు 1, 3, 4, 2 వరుసలో ప్లగ్గులకు పంచుతుంది.

కనుక దారి ఇది: బ్యాటరీ, తాళం స్విచ్చి, కాయిల్, పాయింట్లు, అక్కడి నుంచి కారు ఇనుప శరీరం గుండా మళ్ళీ బ్యాటరీకి.

మీరు లెక్క తప్పితే మొత్తం కొట్టేస్తారా? ఏ మెట్టులో తప్పిందో చూస్తారు. ఇక్కడా అంతే. ఇంజను మంచి వేగంతో తిరుగుతోందంటే బ్యాటరీ నేరం లేదన్నమాట. ఇక 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు తీగెలు కట్టి, ఒక తీగెను ఇంజను ఇనుముకు తగిలించి తాళం తిప్పాలి.

మొదటి ప్రశ్న: స్విచ్చి నుంచి తీగె వచ్చి కలిసే కాయిల్ టెర్మినల్‌కు బల్బు రెండో తీగె తాకిస్తే వెలుగుతుందా? వెలగకపోతే దోషం కాయిల్‌కు ముందే, స్విచ్చిలోనో, దాని తీగెలోనో ఉంది. ఇంగ్లీషు పద్ధతి ప్రకారం ఈ తీగె రంగు తెలుపు. కాని పాత కారులో ఎవరెవరు తీగెలు మార్చారో! రంగును నమ్మవద్దు, దారిని నమ్మండి.

రెండో ప్రశ్న: డిస్ట్రిబ్యూటరుకు పోయే రెండో టెర్మినల్ దగ్గర ఏమవుతోంది? కారును టాప్ గేరులో పెట్టి మెల్లగా నెడితే ఇంజను కొద్దికొద్దిగా తిరుగుతుంది. పాయింట్లు విడినప్పుడు బల్బు వెలగాలి, కలిసినప్పుడు ఆరాలి. ఎంత తిప్పినా ఆరకుండా వెలుగుతూనే ఉంటే, పాయింట్లు మురికి పట్టాయి, లేదా అక్కడి తీగె తెగింది.

మన దొంగ తరచు ఇక్కడే దాగి ఉంటాడు. ఇంజను మీద పడే బరువును బట్టి పాయింట్లున్న పళ్ళెం కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. దానికి కట్టిన చిన్న మెత్తని తీగె వేలసార్లు వంగి, లోపలి రాగిపోగులు తెగిపోతాయి. పైతొడుగు మాత్రం చెక్కుచెదరదు! చూసినవాళ్ళు బాగానే ఉందనుకుంటారు. తాళం తీసి మెల్లగా లాగితే రాగి తెగిన తీగె రబ్బరులా సాగుతుంది. తెగిన పోగులు ఒకప్పుడు తగిలి, ఒకప్పుడు తగలకుండా ఉంటాయి కనుక కారు కాసేపు నడిచి కాసేపు ఆగడం కూడా కద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పరీక్షలు పెద్దలే చేయాలి. కాయిల్ మధ్య నుంచి వచ్చే లావుపాటి తీగె గట్టి షాకు కొడుతుంది. పెట్రోలు వాసన వస్తుంటే అసలు మొదలు పెట్టవద్దు. తాళం ఎక్కువసేపు తిప్పి ఉంచినా కాయిల్ వేడెక్కి పాడవుతుంది. పిల్లలు దూరంగా నిలబడి, బల్బు ఎప్పుడు వెలిగిందో, ఎప్పుడు ఆరిందో కాగితం మీద రాయవచ్చు. అది చిన్న పని కాదు. ఆ కాగితమే దోషం ఎక్కడ లేదో చెబుతుంది. లేని చోట్లన్నీ తీసేస్తే ఉన్న చోటు మిగులుతుంది.

ఇప్పుడు మీకొక ప్రశ్న. మొదటి టెర్మినల్ దగ్గర బల్బు వెలిగింది. రెండో టెర్మినల్ దగ్గర ఇంజనును ఎంత తిప్పినా వెలగలేదు. డిస్ట్రిబ్యూటరుకు పోయే తీగెను ఊడదీసి, అదే టెర్మినల్‌కు బల్బు తాకిస్తే వెలిగింది! దోషం కాయిల్‌లో ఉందా, దాని తరువాత ఉందా? దారి బొమ్మ గీసుకుని ఆలోచించండి. జవాబు వచ్చే నెల.