అరదోసిలి పాలు

మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకు చీటీ పాడిన డబ్బంతా ఫంక్షన్ హాలుకే పోయింది. బెలూన్ల తోరణం, వెనక జంగిల్ థీమ్ తెర, మైకు పట్టిన యాంకర్, రెండు వందల మందికి భోజనాలు. డీజే మోతకు బెదిరిన పిల్ల ఏడ్చి ఏడ్చి, కేకు కోసేవేళకు నా భుజం మీద నిద్రపోయింది. ఫోటోగ్రాఫర్ లేపమన్నాడు. లేపాం. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

1889లో నెహ్రూ పుట్టిన నవంబరు 14న పిల్లల పండుగ చేసుకుంటాం కదా, ఈ సంచికలో వాళ్ల పుట్టినరోజుల గురించే మాట్లాడుకుందాం.

పుట్టినరోజు ఘనంగా చేయాలన్న ఒత్తిడి ఎలా ఉంటుందో తల్లిదండ్రులకు తెలుసు. పక్క ఫ్లాట్‌వాళ్లు రిటర్న్ గిఫ్ట్‌గా స్టీలు డబ్బా ఇస్తే మనం పెన్సిళ్లు ఇవ్వలేం. వాట్సాప్ స్టేటస్‌లో ఫోటోలు చూసి బిడ్డే అడుగుతుంది, "నాకూ ఇలాగే చేస్తావా అమ్మా?" అని. కాదనడానికి నోరు రాదు. కొన్ని ఇళ్లలో మెడలో గొలుసు తాకట్టుకు వెళుతుంది. వాళ్లను నేను తప్పుపట్టలేను.

నా చిన్నప్పుడు మా నాయనమ్మ నా జన్మనక్షత్రం చూసి తలంటు పోసేది. నువ్వులు, బెల్లం కలిపిన పాలు అరదోసిలి తాగించి, మార్కండేయుడికీ ఏడుగురు చిరంజీవులకూ దండం పెట్టించేది. అశ్వత్థామ నుంచి పరశురాముడి దాకా ఆ పేర్లు నాకు అలాగే నోటికొచ్చాయి. వీధి పిల్లలందరికీ పులిహోర పెట్టేది.

ఈసారి ఏం కావాలని మా అమ్మాయిని అడిగాను. నలుగురు స్నేహితులతో మేడమీద పడుకుంటుందట. చలి అన్నాను. ఎవరి దుప్పట్లు వాళ్లు తెచ్చుకుంటారట.