సగటు చాలు, ఇంటి గుట్టు ఎందుకు?

మనం స్థిరపడిన రాష్ట్రాల్లోనూ పాత కరెంటు మీటర్లు తీసి స్మార్ట్ మీటర్లు పెడుతున్నారు. 2021లో కేంద్రం ఆమోదించిన పథకం లక్ష్యం 25 కోట్ల మీటర్లు. బిల్లు పెరుగుతుందా అని మా సంఘ సభ్యులు అడుగుతున్నారు. ఇంకో ప్రశ్న కూడా అడగాలని మేము అంటున్నాం.

పాత మీటరు నెలకో అంకె చెప్పేది. కొత్తది అరగంటకో, పావుగంటకో లెక్క రాస్తుంది. ఆ అంకెలు వరసగా చూస్తే మనం ఎన్నింటికి లేస్తున్నామో, ఎప్పుడు తాళం వేసి ఊరెళ్లామో తెలిసిపోతుంది. మీటరును తప్పనిసరి చేసే బిల్లును 2009లో నెదర్లాండ్స్ ఎగువసభ ఆపింది ఈ భయంతోనే.

వీధిలో వాడకం ఎంతో విద్యుత్ సంస్థకు తెలియాలి, నిజమే. దానికి సగటు చాలు. ఎవరి అంకె బయటపడకుండా సగటు తీసే పద్ధతి ఉంది. గుమాస్తా లెక్కలో చెప్తాం. మూడు ఇళ్ల వాడకం 6, 9, 12 యూనిట్లు. ఒకటి, రెండు ఇళ్లు రహస్యంగా 40 అనుకుంటాయి. ఒకరు కలుపుతారు, ఒకరు తీసేస్తారు. రెండు, మూడు ఇళ్లు 15తో, మూడు, ఒకటి ఇళ్లు 7తో అలాగే చేస్తాయి. బయటికి వచ్చేవి 39, మైనస్ 16, 4. మొత్తం 27, సగటు 9. సగటు సరిపోయింది, గుట్టు దక్కింది. పెద్ద ఆఫీసు లేకుండా, ఇరుగుపొరుగు మీటర్లే అంకెలు మార్చుకుంటూ, మళ్లీ మళ్లీ సగటు తీస్తూ అన్నీ ఒకే అంకెకు చేరడం కూడా సాధ్యమే.

లోపమూ ఉంది. ముగ్గురిలో ఇద్దరు కుమ్మక్కయితే మూడో ఇంటి అంకె తేలిపోతుంది. అందుకే గుంపు పెద్దదిగా ఉండాలి. బిల్లుకు మాత్రం ఎవరి లెక్క వారిది కావాలి. అయితే నెల మొత్తం, వేళను బట్టి ధర ఉంటే ఆ వేళల మొత్తం చాలు, ప్రతి అరగంట అక్కర్లేదు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. 2023లో వ్యక్తిగత డేటా చట్టమూ వచ్చింది. కాబట్టి మీటరు బిగించేవారిని అడుగుదాం: అరగంట లెక్క ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు, సగటుతో ఎందుకు సరిపెట్టుకోరు? మేము ఈ మూడు ప్రశ్నలతో అర్జీ రాస్తున్నాం. మీ ఊళ్లో మీరూ అక్కడి రాష్ట్ర భాషలో రాయించి ఇవ్వండి. అర్జీ అందినట్టు రసీదు మాత్రం తీసుకోవడం మరవకండి.