షెడ్డులో జీపు ఉండగా కంటైనర్లో జీపెందుకు?

మిలిటరీ జీపు తెప్పించుకోవాలనే ఆశ మన ఇంట్లో ఈ ఏడాది మళ్ళీ మొదలయింది. అమెరికాలో ఉండే మన పిల్లలు 1944 నాటి విల్లీస్ ఒకటి చూసి పెట్టినారు. పచ్చ పెయింటు, బానెట్ మీద తెల్ల నక్షత్రం, కొత్త టైర్లు. తూత్తుకుడి నుంచి మన బనియన్ పెట్టెలు ఆ దేశానికి పోతానే ఉండాయి కద, వచ్చే దోవలో ఒక కంటైనర్లో జీపు వస్తే తప్పేముందని వాళ్ళ వాదం. తప్పేమీ లేదు. కానీ నేను వద్దంటాను. ఎందుకంటే ఆ జీపుకు అన్న వరసయ్యే జీపు ఒకటి మన తోటలో, కొబ్బరి మట్టల కింద, ఇరవై ఏళ్ళుగా పడి ఉండాది.

మొదట చట్టం సంగతి చూద్దాం. మామూలుగా మూడేళ్ళకు మించిన సెకండ్ హ్యాండ్ కారును విదేశం నుంచి తేవడానికి లేదు. పాతకాలపు బండ్లకు మాత్రం వేరే దోవ ఉంది. ముందు 1950కి ముందు తయారైన వాటికే ఆ దోవ, ఇప్పుడు యాభై ఏళ్ళు దాటినవన్నీ రావచ్చు. 1944 జీపు ఎట్ల చూసినా లోపలికి వస్తాది. వచ్చినాకే అసలు కత. కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ అన్నీ కలిపితే పన్నే బండి ధరను మించిపోతుంది. అంటే ఒక జీపుకు రెండు జీపుల డబ్బు కట్టి ఒకటే ఇంటికి తెచ్చుకుంటాము. ఓడ బాడుగ వేరే.

ఇక రిజిస్ట్రేషన్. 2021 జూలైలో కేంద్రం పాతకాలపు బండ్లకని ప్రత్యేకంగా రూల్సు తెచ్చింది. మొదటిసారి అమ్మినాక జరిగిన రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి ఉండాలి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది. మళ్ళీ చేయించుకుంటే 5,000. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తాది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు తీసుకుపోవచ్చు. అవినాశి తేరుకు నలుగురు పిల్లల్ని ఎక్కించుకొని పోవడానికీ, తోట నుంచి కాయలు తేవడానికీ కాదు. జీపుని పోర్టికోలో నిలబెట్టి గుడ్డతో తుడుస్తా కూర్చోవాలి. మన వాళ్ళలో ఎవరికి ఆ ఓపిక ఉందో నాకు తెలీదు.

ఇప్పుడు మన తోటలో ఉండేదాన్ని గురించి. చిన్నపిల్లలకు అది పాత ఇనుము. అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఈ చిన్న బండ్లు దాదాపు ఆరు లక్షల నలభై వేలు తయారైనాయి. విల్లీస్ కంపెనీ తన వాటికి 'ఎంబీ' అని పేరు పెట్టుకుంది. ఒక్క కంపెనీ చాలక ఫోర్డు కూడా అదే డిజైన్ మీద 'జీపీడబ్ల్యూ' అని చేసింది. పార్టులన్నీ ఒకదానికొకటి సరిపోతాయి. నాలుగు సిలిండర్ల 2.2 లీటర్ల పెట్రోలు ఇంజన్, అరవై హార్స్ పవర్, ఆరు వోల్టుల కరెంటు, ఎనభై అంగుళాల వీల్ బేస్. ఫోర్డు వాళ్ళకు ఒక గర్వం ఉండేది: తాము చేసిన పార్టుల మీద, బోల్టు తలల మీద కూడా, 'ఎఫ్' అక్షరం కొట్టేవాళ్ళు. మన జీపు ముందు బంపరు దగ్గర మట్టి గీకి చూడండి, ఆ 'ఎఫ్' కనపడుతుంది. ఇన్నాళ్ళూ మనం విల్లీస్ విల్లీస్ అని చెప్పుకున్నది ఫోర్డు జీపు. గ్లవ్ బాక్సు మూత మీద మూడు రేకులు ఉండాలి, మనకు ఒకటే మిగిలింది. దాని మీద ఐదారు పూతల పెయింటు. డెలివరీ తేదీ, సీరియల్ నంబరు దాని కిందే ఉంటాయి. ఎవరూ ఎమరీ పేపరు పెట్టి రుద్దొద్దు, అక్షరాలు పోతాయి.

ఈ బండి మన ప్రాంతానికి రావడంలో వింతేమీ లేదు. యుద్ధకాలంలో కోయంబత్తూరులో బ్రిటిష్ రాయల్ నేవీ వాళ్ళ విమానాల రిపేరు యార్డు ఉండేది, దాని పేరు ఎచ్.ఎం.ఎస్. గరుడ. (కొచ్చిలో ఇప్పుడుండే ఐ.ఎన్.ఎస్. గరుడ వేరు.) సూలూరులో వాళ్ళదే ఇంకో స్థావరం, ఎచ్.ఎం.ఎస్. వైరి. యుద్ధం అయిపోయినాక మిలిటరీ సామాను దేశమంతా డిస్పోజల్స్ వేలాల్లో అమ్ముడుపోయింది. సూలూరు పక్కం నుంచే మన జీపు వచ్చిందని తాత చెప్పేవారు. బొంబాయిలో మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపులు తెప్పించి బిగించడం 1947లో మొదలుపెట్టినారు. మన ఇంటికి కొత్త జీపు కొనే తాహతు లేని రోజులవి, వేలం జీపే పెద్ద వైభోగం.

అప్పట్నించి అది యుద్ధం బండి కాదు, సేద్యం బండి. కంబోడియా పత్తి మూటలు మండీకి వేసుకుపోయింది. బావిలో మోటరు కాలిపోతే కోయంబత్తూరు పట్టరైకి మోసింది. 1973 తర్వాత పెట్రోలు రేటు ఆకాశానికి ఎక్కినప్పుడు ఊరంతా చేసిన పనే మన నాయన వాళ్ళూ చేసినారు: పెట్రోలు ఇంజన్ ఎత్తేసి మెటడార్ డీజిల్ ఇంజన్ దించినారు. ఇంజన్ పొడవు సరిపోక రేడియేటరు ముందుకు జరిపినారు. వెనక సీట్లు తీసి, మందు కొట్టే డ్రమ్ముకు ఇనుప చట్రం అంటించినారు. వెనక రేకు మీద 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని అరవంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాయించినారు. అరవంలో ఒక అక్షరం తప్పు, అదట్లే ఉండాది.

పిల్లలు అంటున్నది ఏమంటే, సరే, కంటైనర్ వద్దు, ఇదే జీపుని 'ఒరిజినల్'గా చేద్దాం. డీజిల్ పీకేసి పెట్రోలు పెడదాం, చట్రం కోసేద్దాం, పచ్చ పెయింటు, తెల్ల నక్షత్రం వేద్దాం. నాకు కంటైనర్ కంటే ఈ మాటే ఎక్కువ భయం పుట్టించింది.

ఒరిజినల్ అంటే ఏది? చట్టం దృష్టిలో ఛాసీ, బాడీ, ఇంజన్లో పెద్ద మార్పులు జరగని బండే వింటేజి. ఆ లెక్కన డీజిల్ దించిన రోజే మన జీపుకు ఆ అర్హత పోయింది. ఒక్క మన జీపే కాదు, ఈ కొంగు సీమలో తోటల్లో బతికిన మిలిటరీ జీపుల్లో సగానికి పైగా ఇట్లాంటివే అయ్యుంటాయని నా అంచనా. ఇంజన్ మార్చకుండా ఉంటే అవి 1980 నాటికే తుక్కు కింద పోయేవి. డీజిలే వాటి ప్రాణం కాపాడింది. కాపాడిన దాన్నే కల్తీ అని తీసి పారేసి, సైన్యంలో అది నడిచిన రెండు మూడేళ్ళను నిలబెట్టి, మన ఇంట్లో నడిచిన యాభై ఏళ్ళను చెరిపేయడం నాకు న్యాయంగా తోచలేదు. ఆ నక్షత్రం కింద మన వాళ్ళు ఎవరూ యుద్ధం చేయలేదు. ఆ డ్రమ్ము చట్రం మీద మాత్రం మన పెద్దమామ వీపు కాయలు కాచింది.

ఎదుటి పక్షం మాటలోనూ పస ఉంది, కాదనను. మెటడార్ ఇంజన్ బరువు ఎక్కువ. అరవై హార్స్ పవర్ పెట్రోలు ఇంజన్ కోసం చేసిన గేరుబాక్సు దాని తోపుకు ఆగలేదు. మనకు తెలిసే రెండు సార్లు పండ్లు విరిగినాయి. ముందు స్ప్రింగులు వాలిపోయి బండి ఎద్దు మోకరించినట్లు నిలబడి ఉండాది. పెట్రోలు ఇంజన్ పెడితే ఈ బాధలు పోతాయి, నిజమే. కానీ ఇప్పుడు పాత ఇంజన్ ఎక్కడిదో వెతికి పెట్టినా అది ఈ జీపుతో పుట్టిన ఇంజన్ కాదు. ఆర్సీలో మళ్ళీ ఇంజన్ నంబరు మార్చాలి. స్ప్రింగు పట్టీలు ఒకటి రెండు ఎక్కువ వేస్తే, గేరుబాక్సు సరిచేస్తే, మెల్లగా నడిపితే, మనకు కావలసిన దూరాలకు డీజిల్ జీపు చాలు.

ఇంకొక సంగతి. ఎంబీ, జీపీడబ్ల్యూలకు ఫిలిప్పీన్స్‌లో కొత్త బాడీలే కొట్టి అమ్ముతున్నారు, ప్రపంచమంతా అవే కొంటున్నారు. కాబట్టి అమెరికాలో మెరిసే '1944 జీపు'లో 1944 ఎంత ఉందో బానెట్ ఎత్తి, నేల రేకుల కింద దూరి చూస్తే గాని తెలీదు. ఇక్కడా తక్కువేమీ లేదు. పంజాబ్, హర్యానా సరిహద్దున మండీ డబ్వాలీలో అడిగిన సైజుకు జీపు కట్టిస్తారు. కాయితాలు ఏ బండివో అడగొద్దు. మన ఇంటికి కూడా పోయిన ఏడాది ఒక బ్రోకరు వచ్చి, "బండి మీరే ఉంచుకోండి, ఆర్సీ బుక్కు మాత్రం ఇయ్యండి, ముప్పై వేలు" అన్నాడు. ఇనుము కంటే కాయితానికి రేటు ఎక్కువ పలికే కాలం.

మిలిటరీ బండే కావాలి, నడపాలి అనే వాళ్ళకు జోంగా ఉండనే ఉంది. నిస్సాన్ పెట్రోల్ డిజైన్, జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా మన సైన్యానికి చేసినారు. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, దాని దాహం తీర్చాలంటే ఒక స్పిన్నింగ్ మిల్లు ఉండాలి. కాయితాలు సరిగా ఉంటే మంచి బండి.

ఖర్చు మాట. మన మేస్త్రి చూసి చెప్పిన లెక్క: నేల రేకులు, ఛాసీలో తుప్పు కోసి అతకడం, కింగ్ పిన్నులు, బ్రేకులు, వైరింగ్, స్టీరింగ్ బాక్సు, టైర్లు అన్నీ కలిసి నాలుగు లక్షలు. కంటైనర్ జీపుకు కట్టే సుంకంలో ఒక మూల. విదేశం నుంచి తేవాల్సినవి నిజంగా ఉంటే అవి చిన్న పార్టులే: స్టీరింగ్ బాక్సు లోపలి వార్ము, కొన్ని సీళ్ళు. అవి ఎవరైనా సూట్‌కేసులో తెచ్చేటంతటివి. అమెరికా పిల్లలకు ఈ పని అప్పగిద్దాం.

మేస్త్రికి డెబ్బై రెండేళ్ళు. చెవితో ఇంజన్ టైమింగు పట్టగలిగిన మనిషి. ఆయన కింద నేర్చుకుంటున్న వాళ్ళు ఎవరూ లేరు, అందరూ కంప్యూటరు మిషన్లకు పోయినారు. కింగ్ పిన్ బుష్షును చేత్తో లేత్ మీద తీసే పట్టరైలు పీలమేడులో, గణపతిలో ఇంకా ఉన్నాయి, రోజుకు రోజుకు తగ్గుతున్నాయి. జీపు ఇంకో ఇరవై ఏళ్ళు మట్టల కింద ఉండగలదు. మేస్త్రి ఉండలేడు. నన్ను తొందరపెట్టేది ఇదే.

మన వాళ్ళు తరచుగా కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని జి.డి. నాయుడుగారి కార్ మ్యూజియం చూపించి, "అట్ల పెట్టుకోవాలి" అంటారు. మ్యూజియం బాగుంటుంది, పిల్లల్ని తీసుకుపోండి. కానీ నాయుడుగారు 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య బస్సు నడిపి మొదలుపెట్టిన మనిషి. యంత్రాన్ని విప్పి చూడటంలోనే ఆయన గొప్ప. నలుగురు పిల్లలు మేస్త్రి పక్కన కూర్చొని గేరుబాక్సు విప్పితే ఆయనకే ఎక్కువ మర్యాద చేసినట్టు.

ఇంత చెప్పినాక అసలు చిక్కు. ఆర్సీ ఇంకా తాత పేరు మీదే ఉంది. గడువు ఎప్పుడో దాటింది. పేరు మారితే గాని ఎఫ్‌సీకి పోలేము, పని మొదలుపెట్టినా రోడ్డెక్కించలేము. దానికి ఫారం 31, తాత మరణ సర్టిఫికెట్టు, వారసుల సర్టిఫికెట్టు, మిగతా వారసులందరి సమ్మతి కావాలి. ఐదు శాఖల్లో మొత్తం పదకొండు సంతకాలు. పెద్దత్తకు ఎనభై నాలుగు, ఆమె చెయ్యి వణుకుతున్నా ముందుగా పెట్టేసినారు. "మా నాయన బండి, ఒకసారి నన్ను అవినాశి గుడికి దాంట్లో తీసుకపోండ్రా" అన్నారు. పెట్రోలా డీజిలా అని ఆమె అడగలేదు.

ఎవరి పేరు మీద మార్చాలి అనేది మీరే తేల్చండి, నా పేరు వద్దు. మిగిలిన పది మంది ఆధార్ కాపీలు ఈ నెలాఖరుకు పంపండి. నక్షత్రం పెయింటు గురించి దీపావళికి కలిసినప్పుడు కొట్టుకుందాం.