చెవికి అందని అక్షరం

"ఇది తెలుగు పుస్తకమేనా, మామయ్యా?" అని అడిగాడు మా బంధువుల అబ్బాయి. అతనికి చూపు లేదు. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదువుతున్నాడు. ఎవరో ఇచ్చిన చరిత్ర పుస్తకం పీడీఎఫ్‌ను మా ఇంట్లో కూర్చుని తెరిచాడు. తెరమీది పాఠాన్ని పైకి చదివే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్టువేరు ఏవో ఇంగ్లీషు అక్షరాలను, కామాలను, బ్రాకెట్లను వరసగా అప్పజెప్పడం మొదలుపెట్టింది. తొంగి చూస్తే తెరమీద చక్కని తెలుగే ఉంది. నాకు తెలుగు, అతనికి రొద.

కారణం మీకు కొత్త కాదు. అను వంటి పాత ఫాంట్లలో కంటికి కనిపించే రూపం తెలుగుది. లోపల దాగిన సంకేతం ఇంగ్లీషు అక్షరానిది. యంత్రం చదివేది సంకేతాన్నే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక, లేఖినిలో టైపు చేసుకుంటూ, పత్రికల సొంత ఫాంట్లను పద్మతో మార్చుకుంటూ, "యూనికోడులోనే రాయండి" అని మనమందరం ఎంతగా పోరాడామో గుర్తుంది కదా! వెతికితే దొరకాలన్నది అప్పటి నా వాదన. చూపు లేనివారికి వినిపించాలన్నది నాకు తట్టనే లేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

ఇది జరిగింది ఏ మారుమూల పల్లెలోనో కాదు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో. అదే ఏడు మొదలైన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో భారతీయ భాషలకు కంప్యూటరు గొంతు నేర్పే పరిశోధన ఏళ్ళ తరబడి సాగింది. ఆ దారిలోనే ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆచార్యులు అచ్చు తెలుగును యంత్రం చేత గుర్తింపజేసే పద్ధతిపై 2001లోనే పరిశోధనపత్రం ప్రకటించారు. 2006లో ఎన్‌వీడీఏను ప్రారంభించింది ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు చూపులేని యువకులు. మాట్లాడితే తెలుగులో టైపు చేసే సదుపాయాన్ని గూగుల్ 2017లో ఇచ్చింది. మా అబ్బాయి నోట్సు రాసుకునేది దానితోనే.

పలికించడానికి తెలుగు మరీ కష్టమైన భాషేమీ కాదు. ఇంగ్లీషులో వలె రాత ఒకటి, పలుకు ఒకటి కాదు. చిక్కులు లేవని అనను. "చలి"లోని చకారానికీ "చెట్టు"లోని చకారానికీ తేడా మన రాతలో కనబడదు. ఆ దంత్య చకారానికి 2008లో యూనికోడులో ప్రత్యేక స్థానం దక్కినా, దాన్ని వాడేవారు అరుదు. అంకెలు, పొడి అక్షరాలు ఎదురైతే యంత్రం తడబడుతుంది. అయినా వినేవాడు వీటికి త్వరలోనే అలవాటు పడతాడు. చేరని పుస్తకానికి మాత్రం ఎవరూ అలవాటు పడలేరు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: లోటు పరికరంలో కాదు, పాఠంలో ఉంది. "ఇప్పుడు బొమ్మలోని అక్షరాలను కూడా యంత్రం చదివేస్తోంది కదా" అంటారు మిత్రులు. చదువుతోంది, నిజమే. కానీ ఒక ఒత్తు జారినా, ఒక దీర్ఘం ఎగిరినా కథల పుస్తకంలో సర్దుకుపోవచ్చు. పరీక్షకు చదివేవాడు సర్దుకోలేడు. పైగా ముద్రాపకుని కంప్యూటరులో టైపు చేసిన పాఠం ఉండనే ఉంది. దాన్ని కాగితం మీదికి, కాగితాన్ని బొమ్మగా, బొమ్మను మళ్ళీ పాఠంగా మార్చడం వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికోసం ఊరంతా తిరగడమే.

హక్కుల భయం అనవసరం. 2012లో సవరించిన కాపీరైటు చట్టం వికలాంగులు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చి వారికి అందించడానికి అనుమతిస్తోంది. ఇందుకోసమే 2013లో కుదిరిన మర్రాకేష్ ఒడంబడికను అన్ని దేశాలకన్నా ముందు, 2014లో, ఆమోదించినది భారతదేశమే.

మచిలీపట్నం ప్రాంతపు శ్రీకాంత్ బొల్లా ఇంటర్మీడియటులో సైన్సు చదవడానికి న్యాయస్థానం మెట్లెక్కవలసి వచ్చింది. అనుమతి వచ్చాక పాఠ్యపుస్తకాలను గురువు గొంతుతో రికార్డు చేసి ఇస్తే, విని చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. తరువాత అమెరికాలో ఎంఐటీలో చదివాడు. 2024లో అతని జీవితం హిందీ సినిమాగా కూడా వచ్చింది. అందరూ అతని పట్టుదలను మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ గురువు గొంతే గుర్తుకు వస్తుంది. ప్రతి పిల్లవాడికీ అటువంటి గురువు దొరకడు. దొరకనివాడి చదువు ఆగిపోకూడదంటే పుస్తకమే పలకాలి.

పాఠ్యపుస్తకాలు వేసే సంస్థలు ప్రతి పుస్తకానికీ యూనికోడు ప్రతిని కూడా సిద్ధం చేయాలి. ప్రభుత్వం దాన్ని కొనుగోలు నిబంధనగా పెట్టాలి. మనలో పుస్తకాలు అచ్చువేయించుకున్నవారు చాలామందే ఉన్నారు. డీటీపీకి ఇచ్చే ముందు మన యూనికోడు ప్రతిని భద్రపరచుకుని, అడిగిన చూపులేని పాఠకుడికి పంపితే పోయేదేమీ లేదు.

ఆ చరిత్ర పుస్తకాన్ని మార్చి, దిద్ది ఇవ్వడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. మూడో ఆదివారం అబ్బాయి ఫోను చేశాడు. "మూడో అధ్యాయంలో ఒకచోట కాకతీయులు అన్నమాటకు దీర్ఘం పోయింది, మామయ్యా" అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివినా నాకు కనబడని తప్పు అది.