రంగస్థలముపై బైబిలు కథలు

రాబోవు వార్షికోత్సవమునకు దావీదు యోనాతానుల కథను పద్యనాటకముగా ఆడింపవలెనని నేను తలంచితిని. ఆ మాట విని యొక విద్యార్థి తండ్రిగారు నన్ను కలిసి, "మాస్టారూ, దేవుని వాక్యమునకు వేషము కట్టింతురా?" అని యడిగిరి. ఆయన భయభక్తులు గౌరవింపదగినవే. కావుననే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇట్టి భయము క్రొత్తది కాదు. సాన్-సాన్స్ అను ఫ్రెంచి సంగీత విద్వాంసుడు రచించిన "సమ్సోను దెలీలా" అను ఒపెరా, అనగా సంగీతనాటకము, 1877లో జర్మనీయందలి వైమారు నగరమున మొదట ప్రదర్శింపబడెను. బైబిలు పాత్రలు రంగమెక్కరాదను కట్టడిచే, ఇంగ్లండులో దానిని నాటకముగా ఆడుటకు 1909 వఱకు అనుమతి కలుగలేదు.

అయితే అంతకు చాల ముందే, 1688లో, పారిసునందలి లూయీ-లె-గ్రాన్ అను జెస్యూటు పాఠశాలలో దావీదు యోనాతానుల కథయే ఒపెరాగా ఆడబడినది. షర్పాంత్యే సంగీతము కూర్చెను. బ్రెతొన్నో అను గురువు పాటలు వ్రాసెను. సౌలును గూర్చిన లాటిను నాటకపు అంకముల నడుమ దీని అంకములు నడచినవి. నాటకము కథను నడుపగా, పాట సౌలు కలతను, మిత్రుని కోల్పోయిన దావీదు దుఃఖమును వినిపించెను. హార్మోనియము శ్రుతిపై పద్యమెత్తుకొని రాగము సాగించు నటుని, తెల్లవారు వఱకు కూర్చుండి వినిన గోదావరి సీమవారికి ఈ మర్మము వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయినను పాడినదెల్ల పథ్యము కాదు. 1881లో బ్రస్సెల్సునందు ప్రదర్శింపబడిన మస్సెనే రచన "హేరోదియ"ను చూడుడు. సువార్తలో హేరోదియ కుమార్తె యోహాను తలను కోరినది. ఈ ఒపెరాలోనో ఆమె యోహానును ప్రేమించి, అతని ప్రాణమునకై వేడుకొనును! వినుటకింపైనను అది వేఱొక కథ. 1807 నాటి మెయూల్ రచన "యోసేపు"లో అట్టి ప్రేమకథ చొప్పింపబడలేదు. తండ్రి బిడ్డల యెడబాటు, అన్నదమ్ముల పశ్చాత్తాపము, క్షమాపణ, ఇవియే చాలినవి.

కాబట్టి దోషము రంగస్థలమున లేదు. కథను మార్చుటలో నున్నది. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) క్రైస్తవ కీర్తనలను కర్ణాటక రాగములలో రచించిరి. రాగము మన దేశపుది, సందేశము వాక్యపుది. మనకు అదియే మార్గము.

మా బాలురు మొదట సమూయేలు గ్రంథములను చదువుదురు. పిమ్మటనే పద్యములు వల్లింతురు. ఆ తండ్రిగారికి నా మనవి యొక్కటియే: అయ్యా, అభ్యాసమునాడు దయచేసి ముందు వరుసలో కూర్చుండుడు. బైబిలు మీ చేతిలోనే యుండనిండు. కథకు విరుద్ధమైన పద్యమొక్కటి వినబడినను చేయెత్తుడు. దానిని మేము కొట్టివేయుదుము.