తాతగారి కారుకు బ్రిటన్‌లో చుట్టాలు

వెలిగండ్లలో బ్రిటిష్ స్పోర్ట్స్ కారా... అని నవ్వేయకండి. వెలిగండ్ల, కనిగిరి, పామూరు వైపు ఏ పాత ఇంటి రేకుల షెడ్డులోనో తాతగారి స్టాండర్డ్ హెరాల్డు ఒకటి టార్పాలిన్ కింద పడి ఉందనుకోండి. అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటున్నారు. కారు ఎవరికీ అక్కర్లేదు. పాత ఇనుము వ్యాపారి వచ్చి కిలోల లెక్కన బేరం ఆడుతున్నాడు. ఆగండి! ఆ కారు సగం స్పోర్ట్స్ కారు. ఇవాళ్టికీ దానికి సామాను దొరుకుతోందంటే కారణం ఆ సగమే.

కథ 1959లో మొదలైంది. ఇంగ్లండులోని స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీ ఆ ఏడాది ట్రయంఫ్ హెరాల్డును విడుదల చేసింది. దాని రూపం గీసింది ఇటలీ డిజైనరు జొవాన్ని మికెలొట్టి. అప్పటికే చాలా కంపెనీలు విడి ఛాసిస్ మానేసి బాడీనే గట్టిగా కట్టేస్తున్నాయి. హెరాల్డుకు మాత్రం కింద ఛాసిస్ పెట్టి, దానిమీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. ఇదేదో ఫ్యాషన్ కాదు, గతిలేక చేసిన పని. ట్రయంఫ్‌కు బాడీలు చేసిపెట్టే ఫ్యాక్టరీని పోటీ కంపెనీ కొనేసింది. దాంతో తలా ఒక ముక్క తలా ఒకచోట చేయించుకుని కలుపుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ కష్టమే వరమైంది. మడ్‌గార్డు పాడైతే మడ్‌గార్డే విప్పొచ్చు. బానెట్ మొత్తం ముందుకు వాలిపోతుంది. మెకానిక్ టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. సుమారు 25 అడుగుల చోటుంటే కారు వెనక్కి తిరిగిపోతుంది. మన ఊరి సందుల కోసమే చేశారా అనిపిస్తుంది!

1962లో అదే ఛాసిస్‌ను కాస్త పొట్టి చేసి, పైన రెండు సీట్ల బాడీ పెట్టి, యుద్ధ విమానం పేరైన స్పిట్‌ఫైర్ అని పిలిచారు. గీసింది మళ్లీ మికెలొట్టీయే. 1980 దాకా 3 లక్షలకు పైగా స్పిట్‌ఫైర్‌లు తయారయ్యాయి. అంటే పల్లెటూళ్లో డాక్టరుగారు తిరిగిన బండికీ, లండన్ కుర్రకారు టాప్ తీసేసి తిరిగిన బండికీ ముందు చక్రాల దగ్గర ఎముకలు ఒకటే.

మన హెరాల్డు పుట్టిల్లు మద్రాసు. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961 నుంచి అక్కడ తయారు చేసింది. ఇంజను 948 సీసీ. బ్రిటన్ హెరాల్డుకు రెండే తలుపులు. నాలుగు తలుపుల హెరాల్డు మాత్రం మన దేశం ప్రత్యేకం. కుటుంబమంతా ఎక్కి దిగాలి కదా మరి! 1972లో దాన్నే మార్చి గెజెల్ అన్నారు. 1980ల్లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారు తెచ్చి కంపెనీ చేతులు కాల్చుకుంది. ఆ దశాబ్దం చివరికి ఫ్యాక్టరీ మూతపడింది.

ఫ్యాక్టరీ లేదు, సామాను ఎక్కడిది?

బ్రిటన్‌లోనూ ట్రయంఫ్ కార్లు 1984తో ఆగిపోయాయి. కానీ అభిమానులు ఆగలేదు. 1977లోనే ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ పెట్టుకున్నారు. హెరాల్డు, స్పిట్‌ఫైర్, విటెస్, జీటీ6... అన్నీ ఆ గూటివే. సెలవు రోజున గ్యారేజీలో దూరి చేతులు నల్లగా చేసుకోవడమే వాళ్ల సరదా. కొనేవాళ్లు అంతమంది ఉండబట్టే చిన్న చిన్న కంపెనీలు బుష్షులు, బ్రేకు సిలిండర్లు, సస్పెన్షన్ సామాను కొత్తగా చేసి అమ్ముతున్నాయి. అవన్నీ ఎక్కువగా స్పిట్‌ఫైర్ కోసం చేస్తున్నవే. ముందు సస్పెన్షన్ లాంటి చోట్ల మాత్రం అవే హెరాల్డుకూ సరిపోతాయి. నాలుగు తలుపుల బాడీ రేకులూ, వెనక తలుపు అద్దాలూ మాత్రం అక్కడ దొరకవు. అవి మన దగ్గరే, మరో పాత బండి నుంచో, మంచి టింకరింగ్ మేస్త్రీ చేతి నుంచో రావాలి. అందుకే షెడ్డులో ఉన్న బండి తలుపులు ఒక్కటి కూడా పారేయకూడదు.

ఈ చుట్టరికం ఒకవైపే అనుకోవద్దు. బుల్లెట్ మోటారుసైకిల్ పుట్టింది ఇంగ్లండులో. 1955 నుంచి మద్రాసులోనూ తయారైంది. అక్కడ ఆ తయారీ ఆగిపోయాక, 1977 నుంచి మన బుల్లెట్లే బ్రిటన్‌కు ఓడెక్కాయి.

గ్రీజు కాదు, ఆయిలు

హెరాల్డు ఇంట్లో ఉన్నవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. ముందు చక్రాన్ని పట్టుకుని ఒక నిలువు కడ్డీ ఉంటుంది. దాని కింది కొనకు మరలు ఉంటాయి. ఆ మరలు ట్రనియన్ అనే కంచు దిమ్మెలో దిగి ఉంటాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరలోనే తిరుగుతుంది. కంపెనీ చెప్పిందేమిటంటే, అక్కడ గేరు బాక్సులో వాడేలాంటి చిక్కటి ఈపీ 90 ఆయిలు పెట్టాలి. మన సర్వీసింగ్ షెడ్డులో ఏం చేస్తారు? గ్రీజు గన్ను పట్టుకుని కనిపించిన ప్రతి నిపుల్‌కూ కొట్టుకుంటూ పోతారు. గ్రీజు గట్టిపడుతుంది, మరల పైదాకా ఎక్కదు. లోపల నీళ్లు చేరి తుప్పు పడుతుంది. మర అరిగి అరిగి ఒకరోజు మలుపులో కడ్డీ పుటుక్కుమంటుంది. చక్రం కారు కిందికి మడుచుకుపోతుంది. కారులో పిల్లలు ఉంటే? గ్రీజే మంచిదని వాదించే అభిమానులు బ్రిటన్‌లోనూ లేకపోలేదు. కానీ ఈ తగవులో కంపెనీ మాటే వినడం మేలు. ఆయిలు గన్ను పట్టడానికి పట్టేది పది నిమిషాలు. ఏళ్లుగా నిలిచిపోయిన బండయితే ఆ కడ్డీలు విప్పి చూడకుండా రోడ్డెక్కించకూడదు.

వెనక చక్రాలదీ ఒక పేచీ. అడ్డంగా ఒకే కమాను కట్ట, దాని కింద ఊగే ఇరుసులు. బరువెక్కితే చక్రాలు కాళ్లు ఎడం చేసి నిలబడ్డట్టు అవుతాయి. వేగంగా మలుపు తిప్పి హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం జారుతుంది. మామూలు ఇరుసుకు అలవాటుపడ్డ మనవాళ్లకు ఇది ఎప్పుడూ నచ్చలేదు. గెజెల్‌లో దాన్ని తీసేసి మామూలు ఇరుసే పెట్టారు.

పానాల సంగతి. ఈ కారు బోల్టులు అంగుళాల లెక్కవి. అర అంగుళం బోల్టు తల 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా పడుతుంది, కానీ వదులు. గట్టిగా తిప్పితే అంచులు గుండ్రమైపోతాయి. అంగుళాల పానాల సెట్టు ఒకటి కొనిపెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఒక్క విషయంలో వెలిగండ్ల వాళ్లదే అదృష్టం. బ్రిటన్‌లో మంచుకు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారు అడుగును తినేస్తుంది. సముద్రపు గాలికి మద్రాసు బండ్లూ తుప్పు పడతాయి. పశ్చిమ ప్రకాశం పొడి గాలికి రేకు చెడదు. చెడేది రబ్బరు. గొట్టాలు, అద్దాల చుట్టూ ఉండే బీడింగు ఎండకు పెళుసెక్కి విరిగిపోతాయి. ఇక రేడియేటర్! ఈ ప్రాంతపు బోరు నీళ్ల గట్టిదనం ఇళ్లలో పాత్రల అడుగున తెల్లగా పేరుకునే పొరే చెబుతుంది. అదే పొర రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఎండాకాలం ఎత్తెక్కేటప్పుడు ఇంజను కుతకుతలాడుతుంది. డిస్టిల్డ్ వాటరూ, కూలెంటూ తప్ప చెంబుతో బోరు నీళ్లు పోయొద్దు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పెట్రోలు బంకులో ఉంది. 2000లో సీసం లేని పెట్రోలు వచ్చినప్పుడు ఈ పాత ఇంజన్ల వాల్వు సీట్లు అరిగిపోతాయన్న భయం పట్టుకుంది. గట్టి సీట్లు దిగ్గొట్టించుకుని గట్టెక్కారు. 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం దాకా వచ్చింది. ఇథనాల్ ఆనాటి రబ్బరును మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. రోజూ తిరిగే బండికి అంత ముప్పు ఉండదు. నెలల తరబడి నిలబడే బండికే ప్రమాదం. నీరు అడుగుకు చేరి ట్యాంకు తుప్పు పడుతుంది. గొట్టం పగిలి వేడి ఇంజను మీద పెట్రోలు కారితే మంటలే. పెట్రోలు గొట్టాలు, పంపులోని డయాఫ్రం ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించాలి. బండి నిలిపేటప్పుడు కార్బురేటర్ ఖాళీ చేయాలి. బ్రిటన్‌లో 2021లో 10 శాతం మిశ్రమం తెచ్చినప్పుడు పాత బండ్ల కోసం 5 శాతం పెట్రోలును ఖరీదైన రకంలో ఉంచారు. మన దగ్గర పాత బండ్లవాళ్ల గొంతు అంత పెద్దది కాదు.

కాగితాల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి 20 వేల రూపాయలు కడితే పదేళ్ల రిజిస్ట్రేషను, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. అయితే ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరగడానికి కుదరదు. కనిగిరి సంతకు అందులో వెళ్దామనుకుంటే మామూలు రిజిస్ట్రేషనే పునరుద్ధరించుకోవాలి. వేరే ఇంజను బిగించిన బండయితే వింటేజ్ మాట మరిచిపోవాల్సిందే. ఆర్సీ ఇంకా తాతగారి పేరునే ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి. అన్నదమ్ములు ఒక మాట మీద ఉన్నప్పుడే ఆ సంతకాలు పెట్టించుకోవడం తెలివైన పని.

ఇక కారును బయటికి లాగాలని నిర్ణయించుకుంటే తొందరపడి బ్యాటరీ పెట్టి సెల్ఫు కొట్టకండి. ముందు స్పార్కు ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండరులో కాస్త ఇంజనాయిలు పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. పాత పెట్రోలు పూర్తిగా తీసేయండి. బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఉందా, నెగెటివ్ ఉందా చూసుకోండి. ఆ కాలపు బ్రిటిష్ కార్లు చాలావాటిలో పాజిటివే బాడీకి ఉండేది. ప్లగ్గులు విప్పే ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజనును చేత్తో మెల్లగా తిప్పి చూడండి. తిరిగిందా, ఇనుము వ్యాపారిని పంపించేయొచ్చు.