కాకర్ స్పానియల్‌కి గుండెందుకు?

మార్చి నెల వస్తే చాలు, హైదరాబాద్‌లో కాకర్ స్పానియల్ పెంచే ప్రతివాళ్లకీ ఒకటే సలహా. "ఎండలు ముదురుతున్నాయి, జీరో కట్ కొట్టించెయ్యండి, పాపం హాయిగా ఉంటుంది." మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒకాయన అదే మాట అన్నాడు, నాకు జాలి లేదన్నట్టు. ఆయన కాకర్‌కి అప్పటికే గుండయింది. వీపు మీద గులాబీ రంగు చర్మం బయటపడి ఉంది. దాన్ని మిట్టమధ్యాహ్నం బయట తిప్పి తీసుకొస్తున్నాడు!

కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు. నాలుక బయటపెట్టి వగర్చి చల్లబడుతుంది. చెమట కాస్తో కూస్తో పట్టేది పాదాల అడుగునే. మరి వీపు గీకి ఏం ఉద్ధరించినట్టు? ఎండ నేరుగా చర్మాన్ని కాల్చకుండా ఆపేదే ఆ బొచ్చు. ఇంగ్లండులో ముళ్లపొదల్లో దూరి ఉడ్‌కాక్ పిట్టల్ని లేపడానికి పెంచిన జాతి ఇది. పైన నున్నటి పొడుగు వెంట్రుకలు, కింద మెత్తటి పొర. మిషన్ పెట్టి మొదలంటా గీకితే చాలా కాకర్లకి పై వెంట్రుక మునుపటిలా రాదు. దూదిలా రేగిన బొచ్చు వస్తుంది. అది ఇంకా తొందరగా ఉండలు కడుతుంది. ఉండలు కట్టిందని మళ్లీ గుండు, మళ్లీ బిల్లు!

నాకు మరీ ఒళ్లు మండేది చెవుల దగ్గర. గీకకూడని వీపు గీకుతారు, కత్తిరించాల్సిన చోట కత్తెర పెట్టరు. కాకర్‌కి అసలు బాధంతా ఆ వేలాడే చెవుల్లోనే. ఎత్తి చూడండి: లోపలివైపు రంధ్రం చుట్టూ గుబురుగా వెంట్రుకలు, గాలి ఆడదు, తడి ఆరదు. ఈస్ట్ పెరగడానికి అంతకంటే ఏం కావాలి? ఒక పార్లర్ వాళ్లు మా కుక్కకి స్నానం చేయించి, సెంటు కొట్టి, మెడకి రిబ్బను కట్టి, చెవులు తడిగానే అప్పజెప్పారు. వారం తిరిగేసరికి తల విదిలించడం, గోక్కోవడం, పులిసిన వాసన, గోధుమరంగు గులిమి. డాక్టరు చుట్టూ తిరిగింది నేను. నొప్పి పడింది అది.

ఇంట్లో మనకి చేతకాదు, తీరిక లేదు అంటారు. ఫోనుకి ఉన్న తీరిక దువ్వెనకి లేదా?

స్టీలు దువ్వెనా, స్లిక్కర్ బ్రష్షూ, మొన మొద్దుగా ఉన్న కత్తెరా చాలు. రోజూ కాసేపు దువ్వాలి. పైపైన కాదు, మొదళ్ల దాకా. చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య. వేళ్ల సందుల్లో దాక్కున్న పిడుదు అప్పుడే దొరుకుతుంది. పిడుదు జ్వరం ఎంత పని చేస్తుందో చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. మూడు నాలుగు వారాలకోసారి కుక్కల షాంపూతో స్నానం, ఆ వెంటనే చెవులు పొడిగా తుడవడం. కాళ్ల మీద కుచ్చులు పలచన చెయ్యడం చేస్తుంటే అదే పట్టుబడుతుంది.

చర్మానికి పుండుపడి డాక్టరు గొరిగిస్తే అది వేరు. ఎండ పేరు చెబితే మాత్రం నేను ఒప్పుకోను. ఎండాకాలం దానికి కావలసింది నిండా నీళ్ల గిన్నె, ఫ్యాను కింద చల్లటి గచ్చు, తెల్లవారుజామున ఒకసారీ రోడ్డు చల్లారాక ఇంకోసారీ నడక.